వేణ్ణీళ్ళ వరస

భీమవరం నుంచి ఉండి వైపు వెళ్తుంటే కాలవ గట్టు దిగువన ఓ రాజుల వీధి ఉంది. ఆ వీధిలో పుట్టిన ఏ పసిబిడ్డకైనా మొదటి స్నానానికీ, పోయిన ఏ ఆడమనిషికైనా కడపటి స్నానానికీ నీళ్ళు తోడే చెయ్యి ఒక్కటే. అది శివరామరాజుగారి భార్య సూర్యకాంతమ్మది. ఆవిడేమీ మంత్రసాని కాదు, పూజలూ వ్రతాలూ చేయించే మనిషీ కాదు. నాలుగు చేపల చెరువులూ, రెండు గేదెలూ, ఓ పెంకుటిల్లూ చూసుకునే మామూలు ఇల్లాలు. కానీ నీళ్ళ దగ్గర ఆవిడకో పట్టుంది. బకెట్లో మోచెయ్యి ముంచి, ఇవి బాలింతకి, ఇవి పసిదానికి, ఇవి జ్వరం తగ్గి లేచినవాడికి అని చెప్పేసేది. చావింట్లో మాత్రం మోచెయ్యి ముంచేది కాదు. అక్కడ ఎవరికి సరిపోవాలి గనక.

ఆ ఇంటికి కోడలిగా వచ్చిన శ్రీసత్యకి ఈ సంగతులేవీ తెలియవు. తణుకులో పుట్టి, బి.కాం. చదివి, గ్యాసు పొయ్యి తప్ప వేరే పొయ్యి ముట్టించి ఎరగని పిల్ల. కాపురానికి వచ్చిన మర్నాడు తెల్లారుజామునే పొగ వాసనకి మెలకువ వచ్చి, ఇల్లు అంటుకుందేమోనని హడిలిపోయి లేచింది. తీరా చూస్తే పెరట్లో అత్తగారు రాగి బాయిలర్ ముందు గొంతుక్కూర్చుని కొబ్బరి డొక్కలు ఎగదోస్తోంది. నడుమెత్తున ఉండే ఆ రాగి పీపాకి మధ్య గొట్టంలో నిప్పు, చుట్టూ నీళ్ళు. పైన చెంబుడు చన్నీళ్ళు పోస్తే కింద కొళాయిలోంచి చెంబుడు వేణ్ణీళ్ళు వచ్చేవి. చింతపండు పెట్టి తోమి తోమి ఆవిడ దాన్ని అద్దంలా ఉంచేది. ఆ పొగకి ఆవిడ కళ్ళు మాత్రం ఎప్పుడూ చింతనిప్పుల్లా ఉండేవి.

"మీరెందుకండీ అత్తయ్యగారూ ఇంత అవస్థ, హీటరు పెట్టుకోవచ్చు కదా" అంది శ్రీసత్య ఆ మొదటిరోజే.

"అవస్థేముందమ్మా, నీళ్ళు కాయడమేగా" అంది ఆవిడ. ఆ మాటతో అప్పటికి ఆ ప్రసక్తి ఆగిపోయింది.

మళ్ళీ కదిలింది బాబి పుట్టాక. వాడి పేరు సందీప్, పిలుపు బాబి. పసివాడున్న ఇంట్లో వేణ్ణీళ్ళకి వేళాపాళా ఉండదు కదా. వానాకాలం డొక్కలు తడిసిపోయి రగలవు, పొగ నేరుగా ఉయ్యాలలోకి వస్తుంది, వాడు దగ్గుతాడు. పైగా అత్తగారికి కంట్లో శుక్లాలు వచ్చాయనీ, పొగ దగ్గరికి వెళ్ళొద్దనీ భీమవరం కళ్ళ డాక్టరు గట్టిగా చెప్పాడు. దాంతో శ్రీసత్య పంతం పట్టింది. ఇన్‌స్టంట్ గీజరు పెట్టించి తీరాలి. బుల్లిది, గోడకి తగిలించేది, స్విచ్చి వేస్తే అప్పటికప్పుడే నీళ్ళు కాచి ఇచ్చేది.

శివరామరాజుగారు మంచివారే గానీ కొత్త వస్తువంటే ముందు వంకలన్నీ వరసపెట్టి చెబితే తప్ప ఆయనకి అన్నం సయించదు. "కరెంటు పోతే ఏం చేస్తావమ్మా? ఇక్కడ తెల్లారేసరికి పోవడం, మధ్యాహ్నానికి రావడం తెలుసుగా. పైగా వోల్టేజి మోటారుకే చాలడం లేదు. రొయ్యల చెరువులు వచ్చాక మన బోరు నీళ్ళన్నీ ఉప్పయిపోయాయి, ఆ నీళ్ళలో దాని లోపల నీళ్ళు కాచే కాయిలు ఊరగాయ అయిపోద్ది. షాకు కొడితే ఇంకేమన్నా ఉందా?" అని సాగదీశారు. శ్రీసత్య మాత్రం ఊరుకుంటుందా. పొగ లేదు, మసి లేదు, డొక్కల కోసం దేవులాట లేదు, మీరు చెరువు మీంచి బురదకాళ్ళతో వచ్చేసరికి కొళాయి తిప్పడమే మావయ్యగారూ అంది. ఆయన కొడుకు వెంకటేష్ ఎటూ చెప్పకుండా పేపరు చాటున కూర్చున్నాడు. మగాళ్ళకేం, స్నానమంటే చెంబెత్తి పోసుకోవడమేగా.

సూర్యకాంతమ్మ మాత్రం ఒక్కటే అడిగింది.

"అందులోంచి ముందు ఏ నీళ్ళు వస్తాయి?"

ఆ ప్రశ్న ఎవరికీ అర్థం కాలేదు. వేణ్ణీళ్ళే వస్తాయి, దానికేగా అంత డబ్బు పోసేది అన్నారు రాజుగారు. సరేనంది ఆవిడ.

ఉండి నుంచి యెహెజ్కేలు వచ్చి గీజరు బిగించాడు. ఆ చుట్టుపక్కల నాలుగూళ్ళకీ కరెంటు పనీ, కొళాయి పనీ అతనిదే. పని పూర్తయ్యాక అందరినీ పిలిచి, బకెట్టు కింద పెట్టి, స్విచ్చి వేశాడు. ఎర్ర దీపం వెలిగింది. కొళాయి తిప్పాడు. సూర్యకాంతమ్మ వంగి చెయ్యి పెట్టింది.

"చన్నీళ్ళే వస్తున్నాయి" అంది.

"ఆయ్, ఒక్క నిమిషం ఆగండమ్మగారూ. గొట్టంలో ఉన్న చన్నీళ్ళు ముందు దిగిపోవాలి కదండీ. వెనకాలే కాగినవి వస్తాయి" అన్నాడు యెహెజ్కేలు.

వచ్చాయి కూడా. బకెట్లో అడుగున ఉన్న చన్నీళ్ళ మీదకి సన్నటి ధారగా వేణ్ణీళ్ళు పడ్డాయి, ఆవిరి లేచింది. బాబిని ఎత్తుకుని శ్రీసత్య చప్పట్లు కొట్టించింది. సూర్యకాంతమ్మ చెయ్యి వెనక్కి లాక్కుని, చీర కుచ్చిళ్ళకి ఒకటికి రెండుసార్లు తుడుచుకుంది.

"ముందు వేణ్ణీళ్ళే వచ్చేట్టు చెయ్యలేవా బాబూ?"

"రెండూ కలిపి వచ్చే కొళాయి ఉందండి. అది కావాలంటే పెడతాను."

"లోపల కలిసేటప్పుడు ఏవి ముందు వస్తాయి, ఏవి వెనక వస్తాయి?"

యెహెజ్కేలు కొళాయి కట్టేశాడు. ఇన్నేళ్ళ సర్వీసులో అతన్ని ఎవరూ అడగని మాట అది. ఆవిడ ఆ బకెట్టు నీళ్ళని ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తీసుకెళ్ళి కొబ్బరిచెట్టు మొదట్లో పారబోసింది. ఇదేం చోద్యమని శ్రీసత్య ముక్కున వేలేసుకుంది.

ఆ సాయంత్రం వంటింట్లో అత్తగారు బెండకాయలు తరుగుతుంటే శ్రీసత్య అడిగింది. "ఏమయిందండీ అత్తయ్యగారూ? మీకిష్టం లేకపోతే ముందే చెప్పాల్సింది."

"ఇష్టానికేముందమ్మా. బతికున్న మనిషికి నీళ్ళు తోడేటప్పుడు ముందు వేణ్ణీళ్ళు పోసి, వాటిలో చన్నీళ్ళు కలపాలి. పోయినవాళ్ళకి ముందు చన్నీళ్ళు పోసి, వాటిలో వేణ్ణీళ్ళు. మా అత్తగారు నాకు చెప్పారు, ఆవిడకి వాళ్ళత్తగారు చెప్పారు. ఈ వీధిలో ఎంతమందికి తోడానో ఈ చేత్తో." ఆవిడ కత్తిపీట మీద చెయ్యి ఆపింది. "ఆ వరసలో తోడిన నీళ్ళు ఊరికే ఉండవు సత్యా. మమ్మల్ని ఎవరికోసం తోడారా అని చూస్తాయి."

శ్రీసత్యకి నవ్వొచ్చింది. నవ్వలేదు గానీ, రాత్రి వెంకటేష్‌కి చెప్పి ఇద్దరూ నవ్వుకున్నారు. నీళ్ళకి కళ్ళుంటాయిట అని ఎటకారమాడుకున్నారు. మర్నాటి నుంచి ఇంట్లో అందరూ గీజరు నీళ్ళే పోసుకున్నారు. రాజుగారు వంకలన్నీ మర్చిపోయి, ఆహా, ఈ సుఖం ఇన్నాళ్ళూ తెలియలేదే అనుకుంటూ పొద్దున్నా సాయంత్రం కూడా స్నానం మొదలెట్టారు. అంతటితో ఆగారా, రాగి బాయిలర్‌ని పాత సామాన్లవాడికి ఇచ్చేశారు. వాడు దాన్ని రిక్షాలో ఎక్కిస్తుంటే సూర్యకాంతమ్మ వీధి గుమ్మంలోకి కూడా రాలేదు.

ఆ చలికాలం నుంచి ఇంట్లో ఏదో తేడాగా ఉండేది. ఏమిటని అడిగితే శ్రీసత్య చెప్పలేకపోయేది. రాజుగారు స్నానం చేసి తువ్వాలు తల చుట్టూ చుట్టుకుని, కనుబొమ్మల మీద నీటి చుక్కలతో బయటకి వస్తే, సూర్యకాంతమ్మ ఒక్కసారి ఆయన మొహంలోకి చూసి చటుక్కున తల తిప్పేసుకునేది. అలా తిప్పుకోవడం చూసిచూసి శ్రీసత్యకి కూడా ఆయన మొహం వైపు చూడాలంటే గుబులు పుట్టేది. స్నానాల గదిలో ఎవరూ లేనప్పుడు గీజరు టిక్కుమనేది. అది లోపలి నీళ్ళ వేడిని బట్టి తనంతట తను ఆగి, తనంతట తను వెలుగుతుందండీ అని యెహెజ్కేలు వివరంగా చెప్పాడు. సబబుగానే ఉంది. కానీ మధ్యాహ్నం పూట ఇల్లంతా నిద్రపోతుంటే, స్విచ్చి ఆపిన గదిలోంచి టిక్కుమంటే, ఆ వివరం గుర్తొచ్చేలోగానే ఒళ్ళు జలదరించేది.

మంచు బాగా పట్టిన ఓ పొద్దున చెరువులో చేపలు తేలాయి. గాలి ఆడక అలా తేలడం ఆ చుట్టుపక్కల మామూలే. రాజుగారు గట్టు మీద నెత్తిన చెయ్యి పెట్టుకు కూర్చున్నారు. తెల్లటి పొట్టలు పైకి తేలి ఉన్న ఆ నీళ్ళని చూసి సూర్యకాంతమ్మ గట్టు దిగేసింది. ఇంటికొచ్చి బాబిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, సాయంత్రం దాకా కిందకి దింపలేదు. ఆవిడ భయం ఎవరి గురించో అప్పుడు తెలిసింది శ్రీసత్యకి.

వాడప్పుడే అడుగులు వేస్తున్నాడు. అన్నం తినేసి తిన్నగా స్నానాల గది గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడేవాడు. లోపల చీకటిగా ఉండేది. వాడు ఆ చీకట్లోకి చూస్తూ చెయ్యి ఊపి టాటా చెప్పేవాడు. పిల్లలు గోడకీ చెబుతారు, గేదెకీ చెబుతారు. కానీ వాడు టాటా చెప్పి, అటునుంచి ఎవరో తిరిగి చెప్పేదాకా ఆగినట్టు ఆగి, అప్పుడు నవ్వేవాడు. శ్రీసత్య ఒక్క ఉదుటున వెళ్ళేది. ఎత్తుకొచ్చేసేది. అత్తగారికి చెప్పలేదు. ఆవిడ చూడనే చూసిందని తర్వాత తెలిసింది.

ఓ తెల్లారుజామున శ్రీసత్య పాలు కాయడానికి లేచి పెరట్లోకి వస్తే, స్నానాల గదిలో లైటు లేదు, గీజరు ఎర్ర దీపం ఒక్కటే ఉంది. ఆ వెలుగులో అత్తగారు వంగి కూర్చుని ఉంది. కొళాయిలో ముందు వచ్చే చన్నీళ్ళని చెంబుతో పట్టి, గడప అవతలకి విసిరేస్తోంది. తర్వాత కొళాయి బాగా బిగించి, సన్నటి ధార మాత్రం వదిలింది. ధార ఎంత సన్నగా ఉంటే నీళ్ళు అంత మరుగుతాయని ఆవిడే కనిపెట్టింది. అలా బకెట్టు అడుగున ముందు పొగలు కక్కే నీళ్ళు పట్టి, అప్పుడు బయట తొట్టిలోంచి చన్నీళ్ళు తెచ్చి కలిపి, మోచెయ్యి ముంచి చూసి పక్కన పెట్టింది. అలా ఇంట్లో ప్రతి మనిషికీ. ఎన్నాళ్ళ నుంచో రోజూ ఇదే పని కాబోలు. బతికున్నవాళ్ళకి బతికున్నవాళ్ళ నీళ్ళు అందిస్తోంది.

శ్రీసత్య వెనక్కి తిరిగి వచ్చేసింది. పోనీలే, ఆవిడ తృప్తి ఆవిడది అనుకుంది. నిజం చెప్పాలంటే ఆమె ప్రాణం కూడా తేలికపడింది. ఎందుకని తనని తను అడగలేదు.

అది జరిగిన రోజు కూడా తెల్లారుజామే. తొట్టిలో నీళ్ళయిపోయాయి. సూర్యకాంతమ్మ బకెట్టులో సగానికి వేణ్ణీళ్ళు పట్టి, చన్నీళ్ళ కోసం బిందె తీసుకుని వీధి కొళాయి దగ్గరికి వెళ్ళింది. వెళ్ళి రావడం ఎంతసేపు. ఆ కాస్తలోనే బాబి మంచం దిగి, తల్లి గమనించేలోగా పెరట్లోకి నడిచాడు. రోజూ మామ్మ చేసేది చూస్తున్నాడుగా. బకెట్టు దగ్గర వంగి, మామ్మలాగే మోచెయ్యి ముంచాడు.

ఆ కేక శ్రీసత్య చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు.

ఆమె పరిగెత్తుకొచ్చేసరికి వాడు గుక్కపట్టి నీలంగా అయిపోయాడు. సూర్యకాంతమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. చంకన నిండు బిందె. శ్రీసత్య ఆ బిందె లాక్కుని వాడి చేతి మీద ధారగా కుమ్మరించింది. ఒక్క అడుగు ముందుకి తూలి ఉంటే మొత్తం మనిషే అందులో పడేవాడు.

భీమవరం ఆసుపత్రిలో డాక్టరు కట్టు కడుతూ కోప్పడ్డాడు. "గీజర్లు వచ్చాక ఇవే కేసులండీ. ఎన్నిసార్లు చెప్పాలి? బకెట్లో ముందు చన్నీళ్ళు పోయండి, ఆ తర్వాతే వేణ్ణీళ్ళు. ఖాళీ బకెట్లో మరిగే నీళ్ళు పట్టి వదిలేస్తే పసిపిల్లలు బతుకుతారా?"

శ్రీసత్య తల తిప్పి అత్తగారి వైపు చూసింది. నిజానికి నిప్పులు చెరగాలనుకుంది. వంద మాటలు పెదవుల దాకా వచ్చాయి. కానీ ఆవిడ బల్ల మీద కూర్చుని, తన కుడి మోచేతిని ఎడం చేత్తో పట్టుకుని, కాలింది తనకే అయినట్టు ఊపుకుంటోంది. ఆవిడ నీళ్ళు తోడే తీరు ఆ తెల్లారుజామున చూసి కూడా ఊరుకున్నది తనే కదా.

ఇంటికొచ్చిన మూడోరోజుదాకా ఆవిడ పచ్చి గంగ ముట్టలేదు. బాబి కాస్త తేరుకుని పెరుగన్నం తిన్నాక, శ్రీసత్యని పిలిచి కూర్చోబెట్టుకుంది.

"డాక్టరు చెప్పినట్టే చేద్దాం. ఇకమీద ముందు చన్నీళ్ళే" అంది.

"గీజరు తీయించేద్దామండీ అత్తయ్యగారూ. నాకొద్దు."

"తీయిస్తే మళ్ళీ పొయ్యేగా. పొయ్యి దగ్గర మాత్రం కాలవా? దానిదేం తప్పు లేదు. దానివల్ల సుఖమే ఉంది, నా కళ్ళు నయమయ్యాయి, నీకు చాకిరీ తప్పింది. నేనే వరస మార్చుకోవాలి." లేచి కొంగు దోపుకుంటూ, "ముందు స్నానం మాత్రం రోజూ నాది" అంది.

ఆ ఆఖరి మాట శ్రీసత్య అంతగా పట్టించుకోలేదు. పెద్దావిడ, పెందరాళే లేచే మనిషి, ఎవరు కాదంటారు.

తెలిసింది ఓ కార్తీక మాసపు పొద్దున్న. స్నానాల గది తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల బకెట్లోకి ముందు చన్నీళ్ళ ధార, తర్వాత వేణ్ణీళ్ళ ధార. రెంటికీ చప్పుడు తేడా ఉంటుంది, వింటే తెలుస్తుంది. తర్వాత చెంబు ముంచిన చప్పుడు. అప్పుడు అత్తగారి గొంతు, ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడుతున్నంత మామూలుగా.

"నన్ను చూసుకున్నావుగా. నిన్ను తోడింది నాకోసమే. ఇంకెవరి వైపూ చూడకు."

ఆవిడ నెత్తిన నీళ్ళు పడ్డ చప్పుడు. శ్రీసత్య తలుపు అవతలే నిలబడిపోయింది. ఈ పిచ్చి నమ్మకాన్ని ఈడ్చి అవతల పారేయాలని ఆమెకి ఎంత కోపం వచ్చిందో, ఆవిడ కాళ్ళ మీద పడి ఏడవాలని అంత దుఃఖమూ వచ్చింది. రోజూ పొద్దున్నే లేచి చచ్చిపోయినవాళ్ళ స్నానం చేస్తోంది ఆవిడ. మనవడి కంటే ముందు, ఇంట్లో అందరి కంటే ముందు.

అలా ఏళ్ళు గడిచాయి. వీధిలో ఇంటింటికీ గీజర్లు వచ్చేశాయి. కాన్పులన్నీ ఆసుపత్రుల్లోనే గనక పసిపిల్లల స్నానానికి ఆవిడని పిలిచేవాళ్ళు తగ్గారు. చావింటికి పిలిస్తే మాత్రం ఆవిడే వెళ్ళడం మానేసింది. నా చెయ్యి మారిపోయిందమ్మా, ఇంకెవరినైనా పిలుచుకోండి అనేది. గీజరు మంచిదేనా అండీ అని ఇరుగుపొరుగు అడిగితే మంచిదే తీసుకోండి, పిల్లల్ని మాత్రం దగ్గరికి రానివ్వకండి, ఉప్పు నీళ్ళయితే కాయిలు ఏడాదికోసారి తీయించి కడిగించండి అని ఓపిగ్గా చెప్పేది. బాబి మోచేతి మీద మచ్చ మాత్రం ఎప్పటికీ పోలేదు. బడికి వెళ్ళేటప్పుడు చొక్కా చేతులు కిందకి లాగి బొత్తాలు పెట్టేది ఆవిడే. వాడు స్నానాల గదికి టాటా చెప్పడం ఎప్పుడో మానేశాడు. ఎప్పుడు మానేశాడో శ్రీసత్యకి బాగా గుర్తే. వాళ్ళ మామ్మ ముందు స్నానం మొదలెట్టిన తర్వాతే.

వాడికి ఏడో ఏడు వచ్చాక, ఆ వానాకాలం ఊరంతా విషజ్వరాలు. బాబికి పట్టుకున్న జ్వరం విడవలేదు. భీమవరం ఆసుపత్రిలో ఉంచారు, సెలైన్లు ఎక్కించారు, మా చేతిలో ఏమీ లేదన్నట్టు డాక్టర్లు పెదవి విరిచారు. వెంకటేష్ గోడకి తల ఆనించి ఏడ్చాడు. సూర్యకాంతమ్మ ఆసుపత్రికి రాలేదు. ఇంటి దగ్గరే ఉంటానంది. ఈ సమయంలో కూడా ఇల్లు కావాల్సొచ్చిందా అని వెంకటేష్ విసుక్కున్నాడు. ఆవిడ ఇంటి దగ్గర ఎందుకు ఉందో శ్రీసత్యకి తెలుసు. చెబితే నవ్వుతారని చెప్పలేదు.

ఆ గురువారం తెల్లవారుతుండగా వాడికి చెమట పట్టింది. ఒళ్ళు చల్లబడింది. శ్రీసత్య బెంబేలెత్తి నర్సుని పిలిస్తే, ఆవిడ చూసి, జ్వరం విడిచిందండీ, భయం లేదు అంది. వాడు కళ్ళు తెరిచి ఆకలేస్తోందన్నాడు. ఇంటికి ఫోను చేసి అత్తయ్యగారికి చెప్పండని శ్రీసత్య తొందర పెట్టింది. ఫోను ఎత్తింది మావయ్యగారు. ఆయన గొంతు ఆయనది కాదు.

సూర్యకాంతమ్మ పొద్దున్నే స్నానం చేసి, తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని, పెరటి అరుగు మీద గోడకి జేరబడి కూర్చుందట. కాఫీ తీసుకోమని ఆయన పిలిస్తే పలకలేదు. దగ్గరికి వెళ్ళి చూస్తే కనుబొమ్మల మీద నీటి చుక్కలు ఇంకా ఆరలేదట.

ఎవరి నమ్మకం వాళ్ళది. గుండె ఆగిపోయిందని డాక్టరు రాసిచ్చాడు, అదీ నిజమే.

శ్రీసత్య వచ్చేసరికి వీధిలో ఆడవాళ్ళంతా పెరట్లో ఉన్నారు. రాజుగారికి వరసకి అక్క అయ్యే పాపాయిగారు పెద్దరికం తీసుకుని అన్నీ పురమాయిస్తోంది. సూర్యకాంతమ్మని అరుగు కింద పీట మీద పడుకోబెట్టారు. ఇన్నేళ్ళూ ఎందరికో తోడిన మనిషికి ఇప్పుడు తోడేవాళ్ళు కావాలి.

"నేను తోడతానండి" అంది శ్రీసత్య.

స్నానాల గదిలోకి వెళ్ళి స్విచ్చి వేసింది. ఎర్ర దీపం వెలిగింది. కొళాయి తిప్పి, ముందు వచ్చిన చన్నీళ్ళని చెంబుతో పట్టి గడప అవతలకి విసిరేసింది. మళ్ళీ పట్టి, మళ్ళీ విసిరింది. నీళ్ళు కాగాక ధార సన్నం చేసి, ఖాళీ బకెట్లోకి పట్టింది. పొగలు లేచాయి. అప్పుడు తొట్టిలో చన్నీళ్ళు ముంచింది.

గుమ్మంలోంచి పాపాయిగారు అదిరిపడింది. "అయ్యో, అదేంటమ్మాయ్, వరస తప్పావు. ఇలా బతికున్నవాళ్ళకి తోడతారు. ముందు చన్నీళ్ళు పొయ్యాలి."

"తెలుసండి."

"తెలిసి చేస్తే ఇంకా తప్పు కదా. ఆవిడ ఊరందరికీ చెప్పిన మాటే."

"ఆ స్నానం ఆవిడ రోజూ చేశారండి, పాపాయిగారూ. నా కొడుకు కోసం రోజూ చేశారు. ఇంకోసారి చేయించను." శ్రీసత్య చెంబు ఆపలేదు. వేణ్ణీళ్ళలో చన్నీళ్ళు కలిపింది. గాజులు పైకి తోసుకుని మోచెయ్యి ముంచి చూసింది. కాస్త వేడెక్కువైనట్టు అనిపించింది. ఇంకో చెంబు చన్నీళ్ళు పోసి, మళ్ళీ ముంచి చూసింది. ఆవిడకి ఎప్పుడూ ఇంతే సరిపోయేది.

పాపాయిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకి తప్పుకుంది. ఆ నీళ్ళే పోశారు.

కర్మకాండలన్నీ అయిపోయి, చుట్టాలు వెళ్ళిపోయి, బాబి మళ్ళీ బడికి వెళ్ళే రోజు వచ్చింది. ఇంకా వెలుగు రాలేదు. పెరట్లోంచి టిక్కుమన్న చప్పుడుకి శ్రీసత్య కళ్ళు తెరిచింది. పక్కన వాడు మోచెయ్యి తల కింద పెట్టుకుని నిద్రపోతున్నాడు. లేచి వెళ్ళి చూస్తే స్నానాల గదిలో ఎవరూ లేరు. ఎర్ర దీపం వెలుగుతోంది. రాత్రి స్విచ్చి తనే ఆపింది, ఆ సంగతి ఆమెకి బాగా గుర్తుంది.

వెనక్కి వెళ్ళిపోదామనుకుంది. వెళ్తే కాసేపట్లో వాడు లేస్తాడు, స్నానానికి వస్తాడు. ఇవాళ ముందు స్నానం ఎవరిది?

శ్రీసత్య లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. బకెట్టు కింద పెట్టి కొళాయి తిప్పింది. ముందు చన్నీళ్ళు వచ్చాయి, వాటి మీద వేణ్ణీళ్ళు పడ్డాయి. బి.కాం. చదివిన పిల్ల, నీళ్ళకి కళ్ళుంటాయా అని నవ్విన పిల్ల, చెంబు ముంచి చేతిలో పట్టుకుని కాసేపు ఆ ఆవిరి వైపు చూసింది.

"నన్ను చూడు" అని, నెత్తిన పోసుకుంది.